పల్లవితోనే సరిపెడుతున్న సమర్పణ

‘అంతా నీదే ప్రభూ’ అని ఒక్క ఊపులో పాడేయడం ఎవరికైనా తేలికే. ఏమేమి ఇస్తున్నావో పేరుపేరునా చెప్పమంటేనే గొంతు తడబడుతుంది. మంచి సమర్పణ కీర్తనలో చరణాలు చేసే పని అదే. ఒక చరణంలో నాలుక, మరో చరణంలో చేతులు, ఇంకోదాంట్లో సంపాదన, చివరికి ఎవరికీ చూపించని మనసు. ఒక్కొక్కటీ అప్పజెప్పి పల్లవికి తిరిగొస్తుంటే అదే మాట ప్రతిసారీ బరువెక్కుతుంది. సంపాదన చరణం దగ్గరికి వచ్చేసరికి కానుకల సంచి కూడా మన వరుసకే వస్తే కొందరు పాటల పుస్తకంలో తల దూర్చేస్తారు, అది వేరే సంగతి!

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం ఉంటాయి. అన్నమయ్య పదాలు వింటూ పెరిగిన తిరుపతి చెవికి ఆ పద్ధతి కొత్తేమీ కాదు. ఇంగ్లీషులోనూ ఫ్రాన్సిస్ హావర్గల్ 1874లో చేతులు, కాళ్ళు, గొంతు, వెండి బంగారాలు అంటూ వరసపెట్టి అప్పగించే పాట రాశారు. తర్వాత తన నగలు నిజంగానే మిషను సంఘానికి పంపేశారు. గొప్ప పాటే. నా ఓటు మాత్రం మన తెలుగు కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారికే.

1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన బ్రాహ్మణుడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. అయినవాళ్ళకు దూరమై పాడిన మనిషి కాబట్టి ఆయన శరణాగతిలో నటన ఉండదు. ‘త్రాహి’ అనే పాత మొరను తెచ్చి క్రీస్తు పేరు ముందు నిలిపిన ధైర్యం చూడండి! సంస్కృత సమాసం పక్కనే ఇంటి తెలుగు, అయినా తాళం ఎక్కడా కుంటదు. 1890లో కన్నుమూసేలోగా అలాంటివి నూటికి పైగా రాశారు. ఆ చేతికి సాటి చేయి మళ్ళీ రాలేదంటాను.

సమర్పణను బతుకులో చూపినవారూ ఉన్నారు. మన మదనపల్లెకు 1863లో వచ్చిన మిషనరీ డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ ఆరాధన క్రమాన్ని తెలుగులో పెట్టారు. నైజాం రాజ్యంలో ఒక కోట ఊళ్ళో రాళ్ళెత్తిన గుంపుతో, ముందు కథ వినండి, తర్వాత కొట్టండి అన్నానని ఆయనే రాసుకున్నారు. ప్రాణం అప్పజెప్పే చరణాన్ని పాటల పుస్తకంలో వెతుక్కోవాల్సిన పని ఆయనకు లేదు.

ఇప్పుడేం జరుగుతోంది? కీబోర్డులో నింపి తెచ్చిన ట్రాకు, చెవులు పగిలే ఎకో, తిప్పి తిప్పి రెండే లైన్లు. చరణాలుంటే వాటికి టైము లేదట. అప్పు ఎగ్గొట్టినవాడూ, తమ్ముడి వాటా కాజేసినవాడూ చేతులెత్తి హాయిగా పాడుకోవచ్చు, వాళ్ళను తాకే మాట ఒక్కటీ ఉండదు. ఇది సమర్పణా, సినిమా ట్యూనుకు తొడిగిన తెల్లచొక్కానా?

చిత్తూరు, మదనపల్లె, తిరుపతి సంఘాల అయ్యగార్లకు, క్వయర్ పెద్దలకు నాదొక విన్నపం. ఆదివారానికి ఒక్క కీర్తన చాలు. ట్రాకు ఆపించండి. హార్మోనియం, తబలా ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, పుస్తకంలో రాసిన రాగంలోనే, ఒక్క చరణం కూడా వదలకుండా పాడించండి. సంపాదన చరణం వచ్చినప్పుడు మాత్రం కాస్త నిదానంగా.