రెండో బందు

మోర్తాడ్, ఆర్మూర్ పల్లెల్లో పసుపు ఉడకబెట్టి ఆరబెట్టడం అయ్యాక పాలిష్ డ్రమ్ములు పని అందుకుంటాయి. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు రాలిపోతుంది. నా చూపు మాత్రం డ్రమ్ము తలుపు మీదే నిలుస్తుంది. లోపలి బరువు ప్రతి చుట్టులోనూ దాని మీద పడుతుంది. ఆపేవి రెండు బందులు, ఒక గడియ.

ఆ తలుపును నేను ఫ్రీక్యాడ్‌లో గీస్తాను. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో విడిభాగాల్ని కలిపే అసెంబ్లీ విభాగం 2024 నవంబరులో వచ్చిన 1.0తో సొంతంగా చేరింది. ముందు డ్రమ్మును కదలకుండా నిలపాలి. తలుపుకు అప్పటికి ఆరు కదలికలుంటాయి: మూడు దిక్కుల్లో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. బందులో తలుపు వైపు గొట్టం అక్షాన్ని డ్రమ్ము వైపు గొట్టం అక్షంతో కలిపితే నాలుగు పోతాయి. గొట్టాల అంచులు ఆనిస్తే వాటిలోని పిన్ను వెంట జారడమూ పోతుంది. మిగిలిన ఒక్క కదలికే బందు. మౌస్‌తో లాగితే తలుపు తెరుచుకుంటుంది. 1963లోనే ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్‌లో గీతలకు ఇలాంటి నిబంధనలు పెట్టి చూపించాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చిక్కంతా రెండో బందు దగ్గర. లెక్క ప్రకారం దాని అవసరమే లేదు, ఐదు కదలికల్నీ మొదటిదే కట్టేసింది. బరువు మోయడానికి మాత్రం కావాలి. రెండు అక్షాలు వెంట్రుకవాసి తప్పినా తెర మీద కూర్పు కుదరదు. షెడ్డులో అయితే తలుపు బిగుసుకుంటుంది, పిన్ను ఒకవైపే అరుగుతుంది. అందుకే మంచి వెల్డర్ రెండు గొట్టాల్లోంచీ ఒకే తిన్నని రాడ్డు దూర్చి, టాకాలేసి, తలుపు ఆడించి చూశాకే పూర్తిగా అతుకుతాడు. వేడికి ఇనుము లాగుతుందని ఆయనకు తెలుసు. నేనూ ముందు ఒకే గీత గీసి, రెండు బందుల్నీ దాని మీదే కూర్చుతాను. ఆ గీత డ్రమ్ము ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. వంపు అంచున పెట్టిన బందులు ఎన్నటికీ ఒక గీత మీదికి రావు.

తెర మీద పసుపు దుమ్ము లేదు, షెడ్డులో ఉంటుంది. అందుకే పిన్నుకూ గొట్టానికీ మధ్య సందు మనమే ఇవ్వాలి.

చివరగా తలుపు తెరిచే ఉంచి, డ్రమ్మును ఇరుసు మీద తిప్పుతాను. ఏ కోణంలో తలుపు అంచు స్టాండు కాలును తాకుతుందో కనిపిస్తుంది. కొమ్ములు దింపేటప్పుడు కూలీల చేతులుండేది సరిగ్గా ఆ అంచుకూ కాలుకూ మధ్యనే. స్టాండు వెడల్పు చేయాలో, తలుపు తగ్గించాలో ఇనుము కోయకముందే తేల్చుకోవాలి.