తీసేస్తేనే తెలుస్తుంది

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. దాచుకున్న డబ్బంతా పట్టుకుని ఒక శనివారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పొద్దుగూకేదాకా తిరిగాడు. ఒక్కో షాపులో ఒక్కో పార్ట్ కొన్నాడు. రాత్రంతా కూర్చుని సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేశాడు. తెల్లవారుజామున బటన్ నొక్కితే ఫ్యాన్లు ఒక్కసారి కదిలి ఆగిపోయాయి. మళ్లీ నొక్కినా అంతే. ఏడు గంటలకల్లా నాకు ఫోన్.

"మామయ్యా, బోర్డు పోయింది. రేపు తీసుకెళ్లి వాపసు ఇచ్చేస్తా."

"దేన్నీ ముట్టుకోకు, వస్తున్నా" అన్నాను.

ఆ మాట నేను మా ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నది. ఇరవై ఏళ్ల కిందట అదే పార్క్‌లేన్‌లో, మంచం పట్టేంత రిపేరు షాపులో, ఆయన రోజుకు పదిసార్లైనా ఆ మాట అనేవాడు. ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో, ముంబై లామింగ్టన్ రోడ్డులో బల్లల ముందు కూర్చునే టెక్నీషియన్ల చేతుల్లోనూ ఇదే విద్య ఉంది. పలకని యంత్రాన్ని పలికించే విద్య. చూసి, చేసి, తిట్లు తిని నేర్చుకోవాల్సిందే. కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతి ఇంట్లో ఒక్కరికైనా ఇది తెలిసి ఉండాలని నా కోరిక.

బటన్ నొక్కాక

కంప్యూటర్ ఆన్ కావడం మనకు ఒకే పనిలా కనిపిస్తుంది. లోపల మాత్రం ఒకదాని వెనక ఒకటి చాలా పనులు జరుగుతాయి. గోడ స్విచ్ వేయగానే, మనం బటన్ నొక్కకముందే, కరెంటు అందించే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, ఊదారంగు తీగ మీద 5 వోల్టులు పంపుతూ ఉంటుంది. ఆ కాస్త కరెంటుతో బోర్డు కునుకు తీస్తూ కాచుకుని ఉంటుంది. బటన్ నొక్కితే బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. అది ఎస్‌ఎంపీఎస్‌కు పిలుపు. 12, 5, 3.3 వోల్టుల లైన్లు నిలదొక్కుకున్నాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల వ్యవధిలో, బూడిదరంగు తీగ మీద 'కరెంటు సరిగ్గా ఉంది' అని కబురు వెళ్తుంది. అప్పుడు గానీ ప్రాసెసర్ మొదటి ఆదేశం చదవదు. ఆ ఆదేశం బయాస్ చిప్‌లో ఉంటుంది. బయాస్ మెమరీని, గ్రాఫిక్స్‌ని, డిస్కుని వరసగా పరీక్షిస్తుంది. ఆ పరీక్ష పేరే పోస్ట్.

ఈ వరస తెలిసినవాడు 'ఏది పోయింది' అని అడగడు, 'ఎక్కడ ఆగింది' అని అడుగుతాడు. అసలేమీ కదలకపోతే కరెంటు దగ్గరో, బటన్ దగ్గరో ఆగింది. ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోతే పోస్ట్ మధ్యలో ఆగింది. మావాడి మెషిన్ ఈ రెంటిలో ఏదీ కాదు. బటన్ పనిచేసింది, పిలుపు అందింది, ఎస్‌ఎంపీఎస్ లేచింది. లేచీ లేవగానే ఆగిపోయింది. మంచి ఎస్‌ఎంపీఎస్ ఎక్కడైనా షార్ట్ కనబడితే అలాగే తనను తాను కట్టేసుకుంటుంది. ఇంకా స్క్రూడ్రైవర్ పట్టకముందే నాకు దొరికిన మొదటి ఆధారం ఇది.

ముందు కరెంటు

ఆధారం దొరికింది కదా అని ఉస్తాద్ ఎప్పుడూ మధ్యలోకి దూకలేదు. గోడ దగ్గరి నుంచే మొదలుపెట్టేవాడు. స్పైక్ బాక్స్‌లో వేరే ఏదైనా పెడితే పనిచేస్తోందా? ఎస్‌ఎంపీఎస్ వెనక ఉన్న చిన్న స్విచ్ ఆన్‌లో ఉందా? క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందా? జివ్వుమంటే ఆ ప్లగ్‌పాయింటుకు ఎర్తింగ్ సరిగా లేదనే ముందు అనుమానించాలి. ముందు దాన్ని బాగుచేయించాలి.

తర్వాత బోర్డుకొచ్చే రెండు కరెంటు కనెక్టర్లు. 24 పిన్నులది అందరూ పెడతారు. ప్రాసెసర్ పక్కన మూలలో పెట్టాల్సిన 8 పిన్నులదాన్ని మరిచిపోయేవాళ్లను లెక్కపెట్టలేను. అది లేకపోతే ఫ్యాన్లు తిరగొచ్చు, ప్రాసెసర్‌కు మాత్రం తిండి ఉండదు. రెండూ 'టక్' మనేదాకా నొక్కాలి. కంటికి దిగినట్టే కనబడి సగమే దిగిన కనెక్టర్లు చాలా చూశాను.

ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం ఉంటే మల్టీమీటర్ చెబుతుంది. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఆకుపచ్చ తీగను నల్లతీగకు కలిపి ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా లేపడం పాత పద్ధతి. అయితే అది లేస్తుందని తెలుస్తుంది తప్ప బరువు మోస్తుందని తెలియదు. ఇక ఒక హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం ఎవరూ తెరవకూడదు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లు ప్రమాదకరమైన చార్జిని పట్టి ఉంచగలవు.

మావాడి దగ్గర ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి. "చూశావా, బోర్డే" అన్నాడు. ఇంకా కాదన్నాను.

తీసివేత

ఈ విద్యకు గుండెకాయ తీసివేతే. కొత్తవాళ్లు మార్చి చూస్తారు. కొత్త ర్యామ్ తెస్తారు, ఇంకో కేబుల్ తెస్తారు, చివరికి బోర్డే మార్చేస్తారు. బల్ల దగ్గర పనిచేసేవాడు ముందు తీసి చూస్తాడు. బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్. ఇంతకుమించి ఏదీ ఉండకూడదు. గ్రాఫిక్స్ కార్డు, ఎస్ఎస్‌డీ, ముందువైపు యూఎస్‌బీ తీగలు, రంగు లైట్లు అన్నీ బయటికి రావాలి. ఇంతమాత్రం మెషిన్ పలికితే దోషం తీసినవాటిలో ఉంది. పలకకపోతే మిగిలినవాటిలో ఉంది. ఒక్క దెబ్బకు సగం అనుమానాలు పోతాయి.

మిగిల్చిన ర్యామ్‌ను ఏ స్లాటులో పెట్టాలో బోర్డుతో వచ్చిన పుస్తకం చెబుతుంది. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావాటికి అది ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. కొత్త ర్యామ్ దిగడానికి కొత్తవాళ్లు ఊహించినదానికంటే ఎక్కువ బలం కావాలి. పార్క్‌లేన్‌లో ర్యామ్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడవడం చూసే ఉంటారు. ఏళ్లపాటు వాడి మసకబారిన ర్యామ్‌కు అది పనిచేస్తుంది. కొత్తదానికి అవసరం లేదు. పైగా పదేపదే రుద్దితే బంగారు పూత అరుగుతుంది. తీసి, మళ్లీ గట్టిగా పెడితే చాలు.

తర్వాత సెట్టింగులు చెరిపేయడం. ప్లగ్ తీసి, బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు ఖాళీ చేసి, రూపాయి బిళ్లలాంటి సీఆర్ 2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట ఉంచాలి. బోర్డు పుట్టినప్పటి సెట్టింగులకు తిరిగొస్తుంది.

ప్రాసెసర్ జోలికి మాత్రం అన్నిటికంటే చివరనే వెళ్లాలి. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో బోర్డు మీదే 1700 సన్నని పిన్నులు ఉంటాయి. వాటిలో ఒక్కటి వంగినా ర్యామ్ స్లాట్లలో సగం పలకకుండా పోవచ్చు. చూడాలనే తొందరలో తీసి, లేని జబ్బు తెచ్చుకున్నవాళ్లున్నారు.

ప్రతి మెట్టు దగ్గరా ఒకే కట్టుబాటు. ఒక్కసారికి ఒక్క మార్పు. మార్చాక బటన్ నొక్కాలి, ఏమైందో కాగితం మీద రాసుకోవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే మెషిన్ బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. తెలియకుండా బాగైనది మళ్లీ పాడైతే మళ్లీ మొదటి నుంచే.

యంత్రం మాట

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ నుంచే కంప్యూటర్‌కు తన జబ్బు తాను చెప్పుకునే మాట ఉంది. ఒక పొట్టి బీప్ అంటే అంతా బాగుంది. ఒక పొడుగు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లే దగ్గర తేడా. 1984లో వచ్చిన ఏటీ మోడల్ పరీక్షలో ఏ మెట్టు దగ్గరుందో 80 నంబరు పోర్టుకు అంకెల్లో పంపేది. ఆ అంకెలు చదివే చిన్న కార్డు ఉస్తాద్ బల్ల సొరుగులో ఎప్పుడూ ఉండేది. బయాస్ తయారుచేసే కంపెనీని బట్టి బీపుల అర్థం మారుతుంది కాబట్టి, ఏ బోర్డు సంకేతాలు ఆ బోర్డు పుస్తకంలోనే చూడాలి.

ఇప్పటి బోర్డుల్లో చాలావాటి మీద అంచున నాలుగు చిన్న లైట్లుంటాయి. సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. పరీక్ష ఎక్కడ ఆగితే ఆ లైటు వెలిగి ఉండిపోతుంది. ఇక్కడ ఓపిక కావాలి. డీడీఆర్5 ర్యామ్ పెట్టిన కొత్త బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. చచ్చిపోయిందనుకుని మధ్యలో ఆపేస్తే ఆ పని మళ్లీ మొదలవుతుంది.

అన్నీ బాగున్నా పలకని సందర్భాలూ ఉన్నాయి. 2018లో వచ్చిన బీ450 బోర్డులో 2020 చివర్లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్ సరిగ్గా కూర్చుంటుంది, సాకెట్ ఒకటే. కానీ బోర్డులో పాత బయాస్ ఉంటే ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. బయాస్ అప్‌డేట్ చేస్తే మామూలుగా లేస్తుంది. ఇంటెల్ ఐ5 12400ఎఫ్ లాంటి, పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. మానిటర్ కేబుల్‌ను బోర్డుకు పెడితే తెర ఎప్పటికీ వెలగదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. ఇవేవీ పాడైనవి కావు. ఇలాంటి కారణాలకే ఎన్నో మంచి బోర్డులు చెడ్డపేరు మోసుకుని షాపులకు తిరిగొస్తాయి.

పదో స్టాండాఫ్

మావాడి మెషిన్‌లో అన్నీ తీసేశాం. ఒక్క ర్యామ్ మిగిల్చాం. ఫ్యాన్ కదిలింది, ఆగింది. వాడి మొహం ఇంకా వాడిపోయింది.

అప్పుడు బోర్డునే క్యాబినెట్ నుంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పరిచాం. బటన్ తీగ లేదు కాబట్టి పవర్ స్విచ్ పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ మొనతో వాడిచేతే తాకించాను. ఫ్యాన్ కదిలింది. ఆగలేదు. సీపీయూ లైటు వెలిగి ఆరింది. డీర్యామ్ లైటు వెలిగింది, చాలాసేపు అలాగే ఉంది. వాడు ఊపిరి బిగబట్టాడు. అదీ ఆరింది. వాడి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంది కాబట్టి మానిటర్ మీద బయాస్ తెర వచ్చింది.

అట్టపెట్టె మీద బతికిన బోర్డు క్యాబినెట్‌లో ఎందుకు చస్తోంది? ఖాళీ క్యాబినెట్‌ను వెలుతురు వైపు తిప్పి చూశాం. బోర్డును ఇనుముకు తగలకుండా ఎత్తి పట్టుకునే ఇత్తడి స్టాండాఫ్‌లు లెక్కపెట్టమన్నాను. పది ఉన్నాయి. బోర్డుకు రంధ్రాలు తొమ్మిది. పదోది చిన్న సైజు బోర్డు కోసం ఉద్దేశించిన చోట ఉంది. బోర్డు వెనక సరిగ్గా ఆ చోట, టంకం చుక్కల మీద సన్నని గీత పడింది. ఎస్‌ఎంపీఎస్ ప్రతిసారీ ఆ షార్ట్ పసిగట్టి ఆగిపోవడం వల్లే బోర్డు బతికింది. పదోదాన్ని విప్పేశాం. మధ్యాహ్నం భోజనాల వేళకు మెషిన్ క్యాబినెట్‌లోనే లేచింది.

రిటర్న్ ఇచ్చి ఉంటే? ఇంకో బోర్డు ఇచ్చేవాళ్లు. అదీ అదే ఇత్తడి ముక్క మీద కూర్చునేది.

ఈ విద్య ఎందుకు నిలవాలి

ర్యామ్ బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్‌లు పెరిగే కొద్దీ తీసి చూడటానికి వీలు తగ్గుతోంది. రిపేరు అంటే బోర్డు మార్చడమే అయిపోతోంది. అందుకే సొంతంగా అసెంబుల్ చేసుకునే పిల్లలంటే నాకు అంత ఇష్టం. ఆ డబ్బాలో వాళ్లు ఒక ఆలోచనా పద్ధతి నేర్చుకుంటారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లడం, ఒక్కసారికి ఒక్కటే మార్చడం, రుజువు లేకుండా దేనిమీదా నింద వేయకపోవడం. మోటారు రిపేరులోనూ, ప్రోగ్రాములో తప్పు వెతకడంలోనూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

మీ ఇంట్లో కొత్త కంప్యూటర్ పలకకపోతే ముందు ప్లగ్ తీయండి. ఒక కాగితం, పెన్ను తెచ్చుకోండి. బోర్డు పుస్తకం తెరవండి. పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని, స్క్రూడ్రైవర్ వాళ్ల చేతికే ఇవ్వండి. 'బోర్డు పోయింది' అనే మాట మాత్రం అన్నీ తీసి చూశాకే అనండి.