చుక్కల ప్రూఫు

నా మొదటి ఉద్యోగం ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడింగు. సాయంత్రం ఆరింటికి కూర్చుంటే అర్ధరాత్రి దాటేది. చేరిన మొదటి రోజే మా సీనియర్ ఒకాయన నా చేతికి అట్టముక్క ఇచ్చి, దాన్ని ఒక్కో పంక్తి కింద పెట్టుకుంటూ దిగమన్నారు. "చదవకు బాబూ, చూడు. చదివావంటే నీ మనసే తప్పును దిద్దేసుకుని ముందుకు పోతుంది" అన్నారు. 'కాలం' అని ఉండాల్సిన చోట దీర్ఘం ఎగిరిపోయి 'కలం' అని పడిందనుకోండి. అదీ మాటే. యంత్రం దాన్ని తప్పు పట్టదు. ఆగాల్సింది కన్నే.

పత్రిక మారాను, పని మారింది. కానీ రాత్రి భోజనాలయ్యాక అరగంట ఆ పాత పనే చేస్తున్నాను. ఇప్పుడు నా ముందున్నవి అక్షరాలు కావు, చుక్కలు.

నాసా 2009 మార్చిలో కెప్లర్ టెలిస్కోపును పైకి పంపింది. నాలుగేళ్ల పాటు అది ఆకాశంలో ఒకే చోట చూపు నిలిపింది. మన పంచాంగాలు చెప్పే అభిజిత్ నక్షత్రానికీ హంస మండలానికీ నడుమ ఉన్న మేర అది. అక్కడి లక్షన్నర నక్షత్రాల వెలుగును అరగంటకోసారి కొలిచింది. ఒక్కో కొలత ఒక్కో చుక్క. నెల రోజుల చుక్కలు వరసగా పేరిస్తే తెర మీద సన్నటి ఇసుక పట్టీ పరిచినట్టుంటుంది. గ్రహం ఏదైనా తన నక్షత్రానికీ మనకూ మధ్యగా నడిస్తే ఆ కాసేపూ వెలుగు తగ్గి, నాలుగైదు చుక్కలు పట్టీలోంచి కిందికి జారతాయి. దీన్నే ట్రాన్సిట్ అంటారు. 2010 డిసెంబరులో ఈ పట్టీలను మామూలు జనం ముందు పెట్టారు, మీరూ చూడండని. ఆ ప్రయత్నం పేరు ప్లానెట్ హంటర్స్. చూడటానికి లక్షమందికి పైగా వచ్చారు.

వాళ్లలో ఇద్దరు, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన కియాన్ జెక్, అరిజోనాకు చెందిన రాబర్ట్ గాగ్లియానో, ఒక నక్షత్రం దగ్గర ఆగారు. అది అప్పటికే జంట నక్షత్రమని తెలుసు. సూర్యుడికి ఒకటిన్నర రెట్ల బరువున్న పెద్దదీ, సూర్యుడిలో సగం కూడా లేని చిన్నదీ ఇరవై రోజులకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, ఒకదానికొకటి అడ్డొస్తుంటాయి. ఆ గ్రహణాల గుంటలు పట్టీలో తప్పకుండా, గడియారం కొట్టినట్టు పడుతుంటాయి. వాటి నడుమ ఎక్కడో చిన్న నొక్కు కనిపించింది. వెయ్యి దీపాల వరసలో ఒక్క దీపం కొండెక్కితే ఎంత వెలుగు తగ్గుతుందో అంతే తగ్గింది. అలాంటిది ఇంకొకటి కొన్ని నెలల తరవాత పడింది. ఆ తరవాత మరొకటి.

కెప్లర్ బృందం కంప్యూటర్లు దీన్ని ఎందుకు వదిలేశాయన్నది నాకు ఈ కథ మొత్తంలో అన్నింటికన్నా ఇష్టమైన భాగం. యంత్రం వెతికేది సమానమైన ఎడాన్ని. పది రోజులకోసారి, ఇరవై రోజులకోసారి అని లెక్క కుదిరితే పట్టుకుంటుంది. ఒంటరి నక్షత్రం దగ్గర అది చాలు. జంట దగ్గర అలా కుదరదు. ఈ గ్రహం జంట మొత్తాన్ని చుట్టి రావడానికి 138 రోజులు తీసుకుంటుంది. అది వచ్చేసరికి పెద్ద నక్షత్రం పోయినసారి ఉన్నచోట ఉండదు. తన తోడు చుట్టూ తిరిగే తిరుగుడులో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి జరిగి ఉంటుంది. అందువల్ల ట్రాన్సిట్ ఒకసారి రోజుకు పైగా ముందు పడుతుంది, ఒకసారి ఆలస్యమవుతుంది. నక్షత్రం కూడా గ్రహం నడిచే వైపే కదులుతుంటే దాటడానికి ఎక్కువసేపు, ఎదురొస్తుంటే తక్కువసేపు పడుతుంది. ఎడమూ సమానం కాదు, వెడల్పూ సమానం కాదు. సమానాన్ని వెతికే లెక్కకు ఇది చిక్కలేదు. ఏది కనబడాలో ముందే అనుకోకుండా చూసినవాళ్లకు చిక్కింది.

మెగ్ ష్వాంబ్ నాయకత్వంలో శాస్త్రవేత్తలు దీని వెంట పడ్డారు. హవాయి దీవుల్లోని కెక్ టెలిస్కోపుతో చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఆ జంటకు భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి వెయ్యింతల దూరంలో మరో జంట ఉంది. అంటే నాలుగు నక్షత్రాల కుటుంబంలో ఒక గ్రహం. అలాంటిది అంతకుముందు ఎవరికీ తెలియదు. 2012 అక్టోబరులో లోకానికి ప్రకటించారు. దానికి పెట్టిన పేరు పీహెచ్1, ప్లానెట్ హంటర్స్ కనిపెట్టిన మొదటిది అని అర్థం. తరవాత కెప్లర్-64బి అన్నారు. భూమికి ఆరు రెట్ల వెడల్పున్న వాయుగోళం. వేడి 250 డిగ్రీల సెల్సియస్ దాటే చోటు, మనం ఉండగలిగింది కాదు. పరిశోధన పత్రం రాసినవాళ్ల పేర్ల వరసలో జెక్, గాగ్లియానోల పేర్లు కూడా ఉన్నాయి. చూసినవాడికి ఆ మర్యాద దక్కడం న్యాయం.

వెసెలిన్ కొస్తోవ్ బృందం కూడా ఇదే గ్రహాన్ని వేరే దారిలో, జంట నక్షత్రాల కోసమని తాము తయారు చేసుకున్న పద్ధతితో కనిపెట్టింది. యంత్రానికి చేతకాదని నేననడం లేదు. ఏం వెతకాలో మనిషి చెప్పాక యంత్రం వెతుకుతుంది. చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు చూసి ఉండాలి.

నాలుగు నక్షత్రాలంటే వింతగా అనిపిస్తుంది గానీ, పెళ్లిలో పురోహితుడు అరుంధతిని చూపిస్తారే, ఆమె పక్కనుండే వశిష్ఠుడు ఒక్క చుక్క కాదు, నాలుగు. అరుంధతి రెండు. 2009లోనే ఆ రెండో దాని సంగతి తేలింది. కొత్త దంపతులకు మనం చూపించేది ఆరు నక్షత్రాల ఇల్లు.

ఈ పనిలో పడ్డ కొత్తలో నన్ను బాగా మోసం చేసినవి తెగిన చోట్లు. కెప్లర్ నెలకోసారి భూమి వైపు తిరిగి సమాచారం పంపేది. తిరిగి చూపు నిలిపేసరికి టెలిస్కోపు ఒంట్లో వేడి మారి ఉండేది. దానివల్ల ఖాళీ తరవాతి చుక్కలు కాస్త కిందుగా మొదలై మెల్లగా పైకి లేస్తాయి. వారం రోజులు వాటన్నిటినీ గ్రహాలని గుర్తుపెట్టాను. అసలు ట్రాన్సిట్ అలా ఉండదని ఎన్నో చూశాక గానీ తెలియలేదు. అది గోరుతో నొక్కినట్టు దిగి, కాసేపు అడుగున సమంగా నడిచి, దిగినంత చురుగ్గానే లేస్తుంది. ఇప్పుడు కన్ను దానంతటదే ఆగుతుంది. ఎలా ఆగిందో మాటల్లో చెప్పమంటే చెప్పలేను. ప్రూఫు గదిలోనూ అంతే, తప్పు ఏమిటో తెలిసేలోపే అట్టముక్క ఆగేది.

2019 వేసవిలో నాసా గొడార్డ్ కేంద్రానికి ఇంటర్న్‌గా వచ్చిన వుల్ఫ్ కుకియర్ అనే 17 ఏళ్ల హైస్కూలు కుర్రాడు చేసిందీ ఇదే. జంట నక్షత్రాల పట్టీలను ఒక్కొక్కటే కళ్లతో చూసుకుంటూ పోయాడు. మూడో రోజున గ్రహణం పడకూడని వేళ పడ్డ ఒక గుంట దగ్గర ఆగాడు. అది టీఓఐ-1338 అనే జంటను చుట్టే గ్రహమని తేలింది. కెప్లర్ తరవాత నాసా పంపిన టెస్ టెలిస్కోపు చూపించిన మొదటి జంట నక్షత్రాల గ్రహం అదే. దాన్ని నిర్ధారించిన పత్రానికి ముందున్నది ఇందాకటి కొస్తోవే.

కెప్లర్ పని ముగిసింది. టెస్ ఇంకా పంపుతూనే ఉంది. ప్లానెట్ హంటర్స్ టెస్ పేరుతో ఆ పట్టీలను ఎవరైనా చూడొచ్చు. డిగ్రీ అడగరు, డబ్బు అడగరు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. రాత్రికి ఇరవై పట్టీలు చాలు. చదవకండి, చూడండి.