రామదాసు రసీదు

సివిల్ సర్వీసుల మెయిన్స్ పరీక్షలో 2013వ సంవత్సరము నుండి నీతిశాస్త్రమునకు 250 మార్కుల పత్రమొకటి ఏర్పడుటచేత, రెవెన్యూ శాఖలో కాలము గడిపి విశ్రాంతి పుచ్చుకొన్న నావంటివానికి వారమున రెండు సాయంకాలములు పాఠము చెప్పు పని దొరికినది. ధర్మసంకటమొకటి అరపుటలో ముద్రించి, నీవే ఆ అధికారివైనచో ఏమి చేయుదువని అడుగుదురు. పిల్లలు చురుకైనవారు, ఎవరెవరికి ఏయే సంబంధమున్నదో పట్టిక గీసి, మూడు మార్గములు చూపి, మొదటిది కాఠిన్యమనియు మూడవది పిరికితనమనియు త్రోసిపుచ్చి, నడిమిదానిని చేపట్టి, పది నిమిషములలో ధర్మమును తేల్చివేయుదురు.

మొన్న పేర్లు తీసివేసి ఒక సంగతి వారికిచ్చితిని. ఒక పరగణా తహసీలుదారు, రైతులయొద్ద వసూలైన శిస్తును ఖజానాకు పంపక, ప్రజలందరును మెచ్చు నొక కట్టడమునకు వెచ్చించెను. తనకై కాసైనను మిగుల్చుకొనలేదు. పై కొలువులో మేనమామలున్నారు. ఇరువదిమందిలో పదునెనమండుగురు సస్పెండు చేసి సొమ్ము రాబట్టవలెననిరి. మేనమామల పాత్రను వేరుగ విచారింపవలెనని ఒక అమ్మాయి చేర్చినది. అప్పుడు భద్రాచలమున రామునకు గుడి కట్టించిన కంచర్ల గోపన్న పేరు చెప్పితిని. కొంతసేపు ఫాను చప్పుడు తప్ప మరేమియు వినరాలేదు.

“అయితే వేరండీ సార్” అని వెనుక బల్లనుండి ఒక గొంతు.

ఎట్లు వేరో ఆ అబ్బాయియు చెప్పలేదు, నేనును రెట్టించలేదు. భద్రాచల రామదాసుగ పేరొందిన ఆ గోపన్నను తక్కువచేయు నుద్దేశము నాకు లేదు. శ్రీరామనవమినాడు పానకము పుచ్చుకొనని ఇల్లు కాదు మాది. కాని గోల్కొండ చెరలో పండ్రెండేండ్లు మ్రగ్గెనని చెప్పుకొను ఆ మహానుభావుడు, ఇక్ష్వాకుకులతిలకుని పిలిచి మొరపెట్టుకొన్న కీర్తనలో, సీతమ్మకు చేయించిన పతకమేమి, భరత లక్ష్మణుల నగలేమి, వేనికెంత పట్టెనో వెలతో సహా ఏకరువు పెట్టుట వినునపుడెల్ల, భక్తులకు ఆర్తి వినిపించుచోట నాకు జమాఖర్చుకూడ వినిపించును. చెరలోనైనను తహసీలుదారు తహసీలుదారే. ఆ లెక్క ఒప్పజెప్పినది మాత్రము రామునకు. చెరలో పెట్టించిన గోల్కొండ సుల్తాను తానీషా సంగతి అటుంచుడు. శిస్తు కట్టిన పాల్వంచ పరగణా రైతు ఆ లెక్కలో ఎక్కడను కానరాడు. రైతులు సంతోషముతోనే ఇచ్చిరని చెప్పువారు కలరు. ఇచ్చినది గుడికో శిస్తుకో వారు తేల్చరు.

ఈ విషయమున జనశ్రుతి మా పరీక్షాపత్రములకన్న నిక్కచ్చిగానున్నది. రాముడు తానీషా మనస్సు మార్చి బాకీ మాఫీ చేయించెనని చెప్పుకొన్నచో ఆక్షేపించువారెవరు? దేవునకది ఎంత పని! మనవారట్లు చెప్పుకొనలేదు. రామలక్ష్మణులు నడిరేయి తానీషా పడకటింటికి పోయి, పైకమంతయు లెక్కపెట్టి, రసీదు పుచ్చుకొన్న పిమ్మటనే గోపన్నకు విడుదల కలిగినదని చెప్పుకొనిరి. భక్తికి లొంగిన కథకుడు బాకీని మాత్రము కొట్టివేయలేదు.

గోపన్నను బోనెక్కించిన నోటితో నా సంగతియు చెప్పవలెను. మండల కార్యాలయమున నేను పనిచేయునాడు వృద్ధాప్యపు పింఛనుకు అరువదియైదేండ్లు నిండవలెను. ఊరికిన్ని యని హద్దుండెడిది, ఉన్నవారిలో ఒకరు పోయిననే మరొకరికి చోటు. ఒక ముసలామె వచ్చినది. రేషనుకార్డులో వయస్సు 58. కార్డు పట్టుకొన్న చేయి చూచినచో డెబ్బదికి తక్కువనువాడు లేడు. “ఆ రాసినాయన నన్నడగలేదు బాబూ, ఆయనే ఏసుకున్నాడు” అన్నది. వైద్యునిచేత వయోనిర్ణయము చేయించి ధ్రువపత్రము తెప్పించుట పద్ధతి. ఆసుపత్రి ముప్పది కిలోమీటర్ల దూరము, ఆమెవెంట పోవువారెవరును లేరు. విచారణలో 66 ఏండ్లని తేలినదని నోటు వ్రాసి సంతకము చేసితిని. విచారణయనగా నా కన్నులే. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టినది.

ఆ ఊరికి అప్పుడున్న ఖాళీ ఒక్కటి. వరుసలోనున్నవారి జాబితా నా మోచేతి క్రిందనే యుండెను. అందు మొదటి పేరెవరిదో నేను చూడలేదు.