పౌనఃపున్య విభాజకములు – లెక్కలో జారిపోవు రొద

గడియారము అరవై టిక్కులకు ఒక నిమిషము చూపును. పౌనఃపున్య విభాజకము చేయు పనియు ఇట్టిదే: పది స్పందములు లోనికి పోయిన, ఒకటి వెలుపలికి వచ్చును. రేడియోలలో, సెల్‌ఫోన్లలో తరంగమును కుదురుగా నిలుపు వలయములకు ఇది ఆవశ్యకము.

స్పందము రావలసిన క్షణమునకు ఒకింత ముందో వెనుకో వచ్చినచో, ఆ తడబాటును ఫేజ్ నాయిజ్, అనగా దశారొద, అందురు. ఇది హెచ్చినచో బలమైన స్టేషను ప్రక్కనున్న బలహీనమైన స్టేషను వినబడదు. కనుకనే వలయమును నిర్మింపక మునుపే ఈ రొదను కంప్యూటరుపై లెక్కింతురు. ఆ లెక్క ఎంతవరకు నమ్మదగినది?

పదిచే భాగించిన రొద 20 డెసిబెల్‌లు తగ్గునని సాధారణముగా చెప్పు సూత్రము. కాలములోని తడబాటు మారదు. ఆవర్తన కాలము పదిరెట్లగును. కావున కోణములోని తడబాటు పదవ వంతు, రొద సామర్థ్యము నూరవ వంతు అగును. ఈ తర్కము తప్పు కాదు, అసంపూర్ణము. విభాజకము పది అంచులలో ఒకదానినే గైకొని తొమ్మిదింటిని విడుచును. మచ్చులు పలుచబడుటచే, అన్ని పౌనఃపున్యములందు సమముగా పరచుకొన్న రొద మడతలు పడి పదిరెట్లు పేరుకొనును. అట్టి రొద విషయమున మిగులు లాభము 10 డెసిబెల్‌లే. విభాజకము స్వయముగా చేర్చు రొద దీనికి అదనము.

ఈగన్ 1990లో ప్రకటించిన వ్యాసమున ఈ మచ్చుల ప్రభావమును గణనలో చేర్చుట మెచ్చదగినది. 2013లో కలోసో, రూబియోలా మరియొక మెట్టు ఎక్కిరి. కొన్ని విభాజకములను ఒక్కొక్క అంచు తేడాతో నడిపి ఫలితములను కలిపినచో, విడిచిన అంచులును లెక్కకు వచ్చి, పోయిన లాభము తిరిగి లభించునని చూపిరి. అయితే దీనికి పరికరములు హెచ్చును. నెమ్మదిగా మారు రొదకు ఈ ఉపాయము పనికిరాదు.

కంప్యూటరు గణనలోను ఒక పొరపాటు తరచు జరుగును. సాధారణ నాయిజ్ గణన వలయమును ఒకే స్థితిలో నిలిపి చూచును. విభాజకమో క్షణక్షణము స్థితి మారును. ఆవర్తనమంతటి రొదను సగటు చేసినను చాలదు. వోల్టేజి మీట దాటు క్షణమందలి రొదయే తరువాతి మెట్టుకు చేరును. ఆ క్షణపు రొదను అప్పటి వోల్టేజి వాలుచే భాగించినచో కాలపు తడబాటు తేలును.

మా విద్యార్థి యొకడు సగటు గణనతో గీచిన చక్కని గ్రాఫు తెచ్చెను. గీత నునుపుగనే యున్నది, ప్రశ్నయే తప్పు. పాఠ్యగ్రంథములు 20 డెసిబెల్‌ల ప్రక్కన 10 డెసిబెల్‌లను కూడ అచ్చువేసినచో, ఇట్టి గ్రాఫులు తగ్గును.