కాపలా ఎవరిది?

‘కాచు’ అన్న చిన్న క్రియ చుట్టూ తెలుగులో ఎన్ని మాటలు పుట్టాయో! కాపు, కావలి, కాపరి, కాపుదల, కాపాడు. తమిళంలో కావల్, కన్నడంలో కావలు వీటి తోబుట్టువులే. బరో, ఎమెనో 1961లో తెచ్చిన ద్రావిడ పదమూలాల నిఘంటువు ఈ మూలానికి కాపాడటం, కావలి ఉండటం అనే అర్థం చెబుతుంది. పాలు కాచడంలోని ‘కాచు’ వేరు, అది వేడికి సంబంధించింది.

కానీ ఈ క్రియకి మనిషిని జోడించగానే ఆ మనిషి మగవాడైపోతాడు. కావలివాడు, కాపలాదారుడు. కాపలామనిషి అన్నా మన కళ్ల ముందు మెదిలేది మీసమే. మరి ఆడవాళ్లు కాపలా కాయరా?

మా చీరాల చుట్టుపక్కల మిరప కళ్లాలు చూడండి. రాత్రి కళ్లంలో మంచం వేసుకుని నిద్రపోయినాయన కాపలా ఉన్నట్టు. పగలంతా ఎండలో కాయలు తిరగేస్తూ, మబ్బు కనబడితే పట్టా కప్పడానికి పరుగెత్తిన ఆవిడ ‘ఊరికే కూచున్నట్టు’. మగ్గం మీద కూచున్నాయన నేతగాడు. కండెలు చుట్టి అందిస్తూ పోగుపోగునీ కనిపెట్టే ఆవిడ సర్కారు లెక్కల్లో ‘అనుబంధ కార్మికురాలు’. జబ్బు మనిషి దగ్గర రాత్రంతా మేలుకోవడాన్ని మనమే ‘చూసుకోవడం’ అని తేల్చేస్తాం.

కాపలా అన్న మాటలో మనకిచ్చిన చోటు ఒకటుంది. కాసేవాళ్ల చోటు కాదది, కాయవలసిన సొత్తు చోటు. చేను, ధనం, ఆడపిల్ల. ‘కంచే చేను మేసినట్టు’ అనే సామెత కంచె ద్రోహాన్ని చెబుతుంది. చేనుకి నోరుంటుందని మాత్రం అనుకోదు.

నోరున్న ఆడవాళ్లు మా ఊరి చరిత్రలోనే ఉన్నారు. మునిసిపల్ పన్నులని ఎదిరించి 1921లో చీరాల, పేరాల జనం ఇళ్లొదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలేసుకుని సుమారు 11 నెలలు బతికారు. ఆ పోరాటం అనగానే దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆయన రామదండు గుర్తొస్తారు. పన్ను కట్టనని జైలుకెళ్లిన రావూరి అలమేలుమంగమ్మ ఎంతమందికి గుర్తు? ఊరికి కావలి ఉన్నవాళ్లలో ఆమె పేరు రాయకపోతే ఆ మాటకి అర్థం సగమే.

అందుకని కొత్త మాట పుట్టించనక్కర్లేదు. ఉన్న క్రియనే మన వైపునుంచి రాద్దాం. కథలో ‘అమ్మ ఇంట్లోనే ఉంటుంది’ అని రాసేచోట ‘అమ్మ కాపలా ఉంది’ అని రాసి చూడండి. అది కూలి అడగదగిన పనని వాక్యమే చెబుతుంది.