మధూకరమును సంగీతవిద్యయు

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి జీవితమును గూర్చి మన సభలలో ఎవరు ప్రసంగించినను విజయనగరమునందలి మధూకరపు కథను తప్పక చెప్పుదురు. జోలె పట్టి అన్నము తెచ్చుకొని సంగీతము నేర్చిరి, కావుననే అంతటివారైరి అని ముగింతురు. కథ సత్యమే. ముగింపు మాత్రము విచారింపదగినది.

ఆకలి ఎవరికిని స్వరజ్ఞానము నేర్పలేదు. విజయనగర ప్రభువులు విజయరామ గజపతిరాజుగారు 1919లో సంగీత కళాశాలను స్థాపించిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులు. 1922లో జన్మించిన ఘంటసాలవారు కృష్ణా జిల్లానుండి అచ్చటికి చేరిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనను ఆదరించి గాత్రము నేర్పిరి. ఊరి గృహిణులు జోలెలో అన్నము వేసిరి. కళాశాల, గురువు, గృహిణి - ఈ మూటిలో ఏ యొక్కటి లోపించినను ఆ విద్య సాగియుండదు. మనము చెప్పు కథలో గృహిణికి చోటు లేదు. జోలెకు మాత్రమే కలదు.

మధూకరమను మాటలోనే తేనెటీగ యున్నది. అది ఏ పూవును పీడింపక, పెక్కు పూవులనుండి కొంచెము కొంచెముగా గ్రహించును. ఇంటికొక పిడికెడైనచో ఎవరికిని భారము గాదు. వారాల భోజనమును అట్టిదే. అది ఊరు చేసిన యేర్పాటు. అయినను దానియందు దోషము లేకపోలేదు. ప్రతి వాకిటను నిలువవలసిన బాలుని అభిమానమునకు దెబ్బ తగులును. అట్టి ఆకలిని పొగడుచు పోయినచో, రేపు వచ్చు బాలుని ఆకలితో నుంచుటకు అది మనకొక సాకగును. జోలె పట్టినవారందరును ఘంటసాలలు గాలేదు. చదువు నడుమ విడిచి వెడలినవారి పేళ్లు ఏ సంచికలోను అచ్చుపడవు.

బరంపురమున మనకిది పరాయి విషయము గాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడువరకు గంజాము, విజయనగరము ఒకే మదరాసు రాజధానిలోనివి. నేటికిని రెండూళ్లును ఒకే రైలుదారిన నున్నవి. మన పిల్లలలో ఇంట తెలుగు మాటలాడియు తెలుగక్షరము రానివారు కలరు. అట్టివారు త్యాగరాజకృతిని ఒడియా లిపిలో వ్రాసికొని పాడవలసినదే. స్వరము నిలుచును గాని మాటయందలి భావము జారిపోవచ్చును. ఘంటసాలవారి పద్యమున ప్రతి పదమును విస్పష్టముగా వినబడుట భాషయు సంగీతమును కలసి అబ్బినందువలననే.

ఆ కళాశాల నేటికిని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా నడచుచున్నది. మనలో ఒక బీదయింటి పిల్లయో పిల్లవాడో అచ్చటికి పోదలచినచో, జోలెకథ చెప్పి పంపుదుమా? నెలఖర్చును పదిండ్లవారము పంచుకొని పంపుదుమా? రెండవదియు మధూకరమే, అందు బిడ్డ ఎవరి వాకిటను నిలువవలసిన పని లేదు.